ఏమీలేని మడి

పోర్త్ గ్లాస్,
జూన్ 18, 1962

ఎమ్లిన్ మావయ్యకు,

నీ ఉత్తరం అందింది. ఉన్ని కత్తిరింపు మొదలైందనీ, అత్తయ్యకు ఆయాసం కాస్త నెమ్మదించిందనీ చదివి సంతోషించాను. మిగిలిన మూడు పేజీలూ వాన గురించి రాశావు. వాన గురించి రాయడానికి మన వేల్స్ దేశంలో మనుషులు కరువయ్యారా మావయ్యా? నీ లోయను ముంచబోయేది వాన కాదు.

మహానగరం నీటి సంఘం వాళ్లు కుమ్ హెలిగ్‌లో ఆనకట్ట కోసం మేకులు పాతి నాలుగు నెలలు దాటింది. పదకొండు ఇళ్లు, ఒక చాపెల్, ఒక బడి, తాతమ్మ సమాధి. ఇవన్నీ నీళ్ల అడుక్కి పోతే, అరవై మైళ్ల అవతల ఎవరో పొద్దున్నే కుళాయి తిప్పుకుని మొహం కడుక్కుంటారు. ఎనిమిది ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టేశారు. మిగిలినవి మూడు. అందులో నీ హవోద్ వెన్ ఒకటి. అమ్మ పోయాక నువ్వు నన్ను నాలుగేళ్లవాణ్ణి భుజాన వేసుకొచ్చి దింపిన గడప అది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ యేడు మన కవుల పండగ ఐస్టెద్వోద్ అబెర్‌కోయెడ్‌లో అని నీకు తెలియంది కాదు. ఆగస్టు తొమ్మిది, గురువారం మధ్యాహ్నం, పోటీలో గెలిచిన కవిని కూర్చోబెట్టే కుర్చీ సభ. ఆ రోజు వేదిక మీద ముందు వరసలో కూర్చోబోయే గౌరవ అతిథి ఎవరనుకున్నావు? నీటి సంఘం అధ్యక్షుడు. మన కవులు తెల్లబట్టలూ నీలం బట్టలూ కట్టుకుని ఊరేగుతుంటే చూడముచ్చటగా ఉంటుందని వస్తున్నాడట. వాడి ఎదురుగా సభ నడిపే పెద్దాయన కత్తిని ఒరలోంచి సగం లాగి "శాంతి ఉందా?" అని మూడుసార్లు అడుగుతాడు. ఎనిమిది వేలమంది మూడుసార్లు "శాంతి" అంటారు. అది రేడియోలో దేశమంతా వింటుంది. ఊరు మునుగుతుంటే శాంతి ఏమిటి మావయ్యా? ఇంతకంటే పెద్ద అబద్ధం మన భాషలో ఎప్పుడైనా ఎవరైనా ఆడారా?

మొన్న ఒక కరపత్రంలో చదివాను: నోరు మూసుకున్న జాతికి నీళ్లే దుప్పటి. ఆ వాక్యం చదివి నాకు అన్నం సహించలేదు. నీకేమో పద్యంలో హల్లులు జోడీ కుదరకపోతే అన్నం సహించదు.

ఆ గురువారం మేం ఊరుకోం. నేనూ, గెథిన్, ఇంకో ఆరుగురూ. ఇంతకంటే ఉత్తరంలో రాయను. నువ్వు కూడా రా. నీ లోయ కోసం ఒక్కసారి లేచి నిలబడు.

అత్తయ్యకు నా ముద్దులు. ఆవిడ మెట్లు దిగి ఎన్నాళ్లయింది?

కోపంగానే అయినా నీవాడు,
ఇద్వల్


హవోద్ వెన్,
జూన్ 25

ఒరే ఇద్వల్,

నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదివి వినిపించాను. కోపం ఉన్న చోటల్లా గొంతు పెంచమంది. దాంతో మొత్తం అరవాల్సి వచ్చి, కుక్క బయటికి పోయింది.

కరపత్రాలు నాలుగు పేజీలే ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించావా? ఐదో పేజీ ఉంటే ఏం చెయ్యాలో రాయాల్సి వస్తుంది.

ఇక్కడ సంగతులు. నీటి సంఘం ఇంజినీరు మళ్లీ వచ్చాడు. మంచి కుర్రాడే. మన పెరటి గోడ మీద ఎర్రరంగుతో ఒక గీత గీసి, నీళ్లు ఇక్కడికి వస్తాయన్నాడు. "బాబూ, ఆ గీత నా పొగగొట్టం కంటే ఎత్తులో ఉన్న కొండ మీద గియ్యాలి కదా" అన్నాను. కాగితం చూసుకుని, అవునండీ అని చెరిపేశాడు. సరిగా చెరగలేదు. ఇప్పుడు గొర్రెలు ఆ గోడ దగ్గరికి రావడం మానేశాయి. రంగు వాసనకే అయ్యుంటుంది.

మీ అత్తయ్య కిందికి దిగి రెండేళ్లు దాటింది. డాక్టరు ఒక్క మెట్టు కూడా వద్దన్నాడు, గుండె తట్టుకోదట. మేడ మీద మంచం, కిటికీ, రేడియో. అదే ఆవిడ లోకం. రేడియో బ్యాటరీని నేను పదిహేను రోజులకోసారి ఊళ్లోకి మోసుకెళ్లి ఛార్జి చేయించుకొస్తున్నాను. మనకి కరెంటు రాలేదు, నీళ్లు మాత్రం వస్తున్నాయి.

ఇంకో మాట. మీరేం చేస్తారో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ గురువారం వద్దు. సోమవారం చేసుకోండి, శనివారం చేసుకోండి, ఆ అతిథి రైలు దిగేటప్పుడు స్టేషన్లో చేసుకోండి, నేనే వచ్చి మీ జెండా పట్టుకుంటాను. గురువారం కుర్చీ సభలో మాత్రం వద్దు. ఎందుకని అడగకు. నా మీద నీకు ఎప్పుడైనా నమ్మకం ఉంటే అడగకు.

ఆవిడ నీకు ఓట్ రొట్టెలు పంపమంది. పంపాను. విరిగిపోతే పొడి తిను.

మీ మావయ్య


పోర్త్ గ్లాస్,
జూలై 3

మావయ్యా,

రొట్టెలు అందాయి. పొడే తిన్నాను.

నువ్వు అడగొద్దన్నావు. అడుగుతున్నాను. ఎందుకు?

నాకు తెలిసింది ముందు నేనే చెప్తాను. గెథిన్ చెల్లెలు మీ లోయ పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేస్తుంది. జూన్‌లో హవోద్ వెన్‌కు అబెర్‌కోయెడ్ సభ కార్యాలయం నుంచి రెండు కవర్లు వచ్చాయట. రెండింటి మీదా "రహస్యం" అని ముద్ర. నువ్వు మధ్యలో ఒక జవాబు కూడా పంపావట. నలభై ఏళ్లుగా కొండ మీద గొర్రెలు కాసుకునే మనిషికీ సభ కార్యాలయానికీ మధ్య రహస్యాలేమిటి?

పోయిన శుక్రవారం గెథిన్ ఇంటికి పోలీసు వచ్చాడు. గురువారం నాడు ఏదో తలపెట్టారట, నిజమేనా అని అడిగాడు. గురువారం అన్న మాట నేను బయటివాళ్లెవరికీ చెప్పలేదు మావయ్యా. ఒక్క ఉత్తరంలో రాశాను. అది ఎవరికి రాశానో నీకు తెలుసు.

గెథిన్ అంటాడు: "మీ మావయ్య మంచోడేరా. మంచోళ్లనే వాళ్లు ముందు పట్టుకునేది. ఒక కప్పు టీ పోసి, పెద్దాయనా మీ కుర్రాళ్లు దారి తప్పుతున్నారు, కాస్త కనిపెట్టుకుని ఉండండి అంటారు. మంచోడు కాబట్టి నమ్ముతాడు." నేను వాడితో పోట్లాడాను. గల్లా పట్టుకున్నాను. ఆ తర్వాత ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్లీ చదివాను. సోమవారం అయితే జెండా పట్టుకుంటానన్నవాడు గురువారం అనగానే ఎందుకు వణికిపోతున్నాడు?

ఒక్క వాక్యం రాయి. ఆ కవర్లలో ఏముంది?

ఇద్వల్


హవోద్ వెన్,
జూలై 6

నా తండ్రీ,

ఇది పోస్టు చెయ్యడానికి రాయడం లేదు. రాసి, బైబిల్లో పెట్టుకుని, ఆగస్టు తొమ్మిది సాయంత్రం నీ చేతికిస్తాను. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఆ కవర్లలో ఉన్నది ఇదీ. ఈ యేడు కుర్చీ నాకు వచ్చింది.

నవ్వకు. మూడు చలికాలాలు రాశాను. పొద్దున్నే పశువులపాకలో, వేళ్లు కొంకర్లు పోతుంటే. యతీ ప్రాసా కుదరని చోట ఆవుకు వినిపించేవాణ్ణి. కుదిరిన చోట మీ అత్తయ్యకు. పోటీకి ఇచ్చిన అంశం "గడప". మన గడప గురించే రాశాను. కలం పేరు కాయ్ దిమ్ అని పెట్టుకున్నాను. అంటే ఇంటి వెనక మన ఏమీలేని మడి. నువ్వూ నేనూ ఏటేటా వసంతంలో రాళ్లు ఏరేవాళ్లం కదా. నీకు ఏడేళ్లప్పుడు "మావయ్యా, మనం రాళ్లే పండిస్తున్నామా" అని అడిగావు. ఆ మడి.

నియమం నీకూ తెలుసు. గెలిచినవాడికి ముందే చెప్తారు, ఆ రోజు తప్పకుండా రావాలి గనక. కానీ వేదిక మీంచి కలం పేరు పిలిచి, బూర ఊది, వాడు లేచి నిలబడే క్షణం దాకా అతనెవరో లోకానికి తెలియకూడదు. ముందు పొక్కితే కుర్చీ ఉండదు. నా భార్య మంచంలో ఉంది, ఆవిడకొక్కదానికి చెప్పుకోవచ్చా అని నేను రాశాను. చెప్పుకో అని రెండో కవరు వచ్చింది. మేనల్లుడికి కూడా చెప్పుకోవచ్చా అని అడగడానికి నోరు రాలేదు. ఆ మేనల్లుడు నీలాంటివాడైతే ఏమని అడగను?

గెలిచినవాణ్ణి వేదిక ఎక్కించాక, కత్తి లేపకముందు, వాడి పేరూ ఇంటి పేరూ ఊరి పేరూ చదువుతారు. "కుమ్ హెలిగ్ లోయలోని హవోద్ వెన్" అని ఆ నీటి సంఘం పెద్దమనిషి చెవి పక్కన చదువుతారు. రేడియోలో దేశమంతా వింటుంది. మనం ఉన్నామని. నీ కరపత్రాలన్నీ కలిపినా అంత దూరం వినబడవు. నేను లేచి నిలబడటమంటే ఇదే నాకు తెలిసింది.

ఇంకా చెప్పాలంటే దేశం సంగతి కూడా తర్వాతే. మీ అత్తయ్య వినాలి. డాక్టరు చలికాలం గురించి మాట్లాడటం లేదు. వేసవి గురించి మాత్రమే మాట్లాడుతున్నాడు.

నిన్ను దొంగలా చూడటం లేదురా. నువ్వు నన్ను అలా చూస్తున్నావు, చూడనీ. ఐదు వారాలు.


హవోద్ వెన్,
జూలై 8

ఇద్వల్‌కు,

నీ గురించి గానీ నీ స్నేహితుల గురించి గానీ నేను ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. కవర్లలో ఏముందో ఆగస్టు తొమ్మిది సాయంత్రం చెప్తాను. అప్పటిదాకా నన్ను ఏమనుకున్నా సరే.

గడ్డి కోత బాగా జరిగింది. మీ అత్తయ్య నిన్ను అడిగింది.

ఎమ్లిన్ మావయ్య


పోర్త్ గ్లాస్,
జూలై 20

ఎమ్లిన్ గారికి,

ఒక్క వాక్యం అడిగాను. మీరు గడ్డి కోత గురించి రాశారు.

మీ దగ్గర పెరిగాను కాబట్టి మీకు ఒక అవకాశం ఇవ్వాలని గెథిన్‌తో రెండు వారాలు వాదించాను. నిన్న మళ్లీ పోలీసులు వచ్చారు. ఈసారి నా గదికి. నేను కరెంటు స్తంభాలెక్కి తీగలు లాగే పని చేస్తానని వాళ్లకు ముందే తెలుసు. గురువారం సెలవు పెట్టానని కూడా తెలుసు. పెట్టె తెరిచి, నా కరపత్రాలన్నీ పట్టుకుపోయారు. నా పేరు రాసి ఉన్న మీ పాత నిఘంటువు కూడా పట్టుకుపోయారు. నేను దాని కోసం అడగలేదు.

మీరు ఎవరి తరఫునో ఇప్పుడు నాకు అనుమానం లేదు. రేపో మాపో సంతకం కూడా పెడతారు. ఎనిమిదిమందీ అలాగే పెట్టారు, ఒక్కొక్కరికీ ఒక్కొక్క మంచి కారణం.

మీవాళ్లతో ఒక మాట చెప్పండి. వాళ్లు కత్తి లేచే నిమిషం కోసం కాపు కాస్తారేమో. మేం కత్తి లేచేదాకా ఆగం. మీ పుణ్యాన మా వేళ మారింది. అంతకంటే ముందే అవుతుంది.

అత్తయ్యకు ఏమీ చెప్పకండి. నేను బాగున్నానని చెప్పండి.

ఇద్వల్ ప్రైథర్క్


హవోద్ వెన్,
జూలై 30

ఇద్వల్‌కు,

గారు అన్నావు. మన ఇంట్లో ఆ మాట ఇప్పటిదాకా ఒక్క పాదిరికే వాడాం. నీ ఉత్తరాన్ని ఆవిడకు చదివి వినిపించలేదు. బాగున్నాడట అని మాత్రం చెప్పాను. "కోపం లేకుండా వాడు బాగుండటమేమిటి" అని నా మొహం వంక చూసింది.

నిన్ను ఒక్కటే అడుగుతాను. ఇదే చివరిసారి అడగడం. ఆ గురువారం మధ్యాహ్నం హవోద్ వెన్‌కు వచ్చి మీ అత్తయ్య దగ్గర కూర్చో. నేను అబెర్‌కోయెడ్ వెళ్లాలి. పక్కింటి నెస్టా కూర్చుంటానంది గానీ ఆవిడ మనవరాలు పిల్లల పాటల పోటీలో పాడుతోంది, వెళ్లొద్దని ఎలా అంటాను? లోయంతా ఆ రోజు ఖాళీ. మూడు బస్సులు కట్టించారు. మూడింటికి రేడియోలో కుర్చీ సభ మొదలవుతుంది. నువ్వు పక్కన ఉండి విను. రేడియో బాగానే ఉంది. కొత్తగా ఛార్జి చేయించిన రెండో బ్యాటరీ కింద పాలగదిలో పెట్టాను. అవసరమైతే నువ్వే పైకి మోసుకెళ్లు. బరువు, యాసిడ్ ఒలుకుతుంది, జాగ్రత్త.

వస్తే తాళం గుమ్మం మీది పలక రాయి కింద ఉంటుంది. అది నీకు తెలుసు.

రా నాన్నా.

మావయ్య


పోర్త్ గ్లాస్,
ఆగస్టు 4
(పోస్టుకార్డు)

ఎమ్లిన్ గారికి,

గురువారం నన్ను అబెర్‌కోయెడ్‌కు అరవై మైళ్ల దూరంలో కూర్చోబెట్టాలన్న ఆలోచన మీదేనా, వాళ్లు చెప్పి రాయించారా? అత్తయ్యను అడ్డం పెట్టుకోవడం మాత్రం మీకు తగదు.

రాను.

ఇద్వల్


హవోద్ వెన్,
ఆగస్టు 12, ఆదివారం

ఇద్వల్‌కు,

మీ అత్తయ్య ఆసుపత్రిలో ఉంది. బతికే ఉంది. ముందు అది రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

గురువారం పొద్దున ఆవిడే నా కాలరు సరిచేసింది. దిండ్లు ఎత్తుగా పెట్టి, రేడియో చెవి దగ్గరకు జరిపి, పెరుగూ రొట్టే పక్కన పెట్టి నేను మొదటి బస్సెక్కాను. నెస్టా రెండో బస్సు.

మూడు గంటలు దాటాక తీర్పు చదివారు. "కాయ్ దిమ్ అనే కలం పేరుగలవారు, వారు మాత్రమే, బూర వినగానే లేచి నిలబడండి" అన్నారు. బూర ఊదారు. లేచాను. అవును, నేనే. ఆ కవర్లలో ఉన్నది అదే. జూలైలో నీకు రాసి పంపకుండా దాచిన ఉత్తరం ఒకటి దీంతో పెడుతున్నాను. ఇప్పుడు చదువుకో.

డేరాలో అంతా సవ్యంగానే జరిగింది. ఎర్రంచు దుప్పటి కప్పారు, వేదిక ఎక్కించారు, పేరు చదివారు, ఇంటి పేరు చదివారు, లోయ పేరు చదివారు. ముందు వరసలో ఆ పెద్దమనిషి పక్కవాణ్ణి అర్థం అడిగి తెలుసుకుని, తల దించుకున్నాడు. మూడుసార్లు శాంతి అడిగారు, మూడుసార్లు జవాబు వచ్చింది. కూర్చున్నాను. ఓక్ కుర్చీ, గట్టిది.

అంతా అయ్యాక ఒక రేడియో మనిషి పరుగున వచ్చి చెప్పాడు. బూర ఊదిన క్షణంలో వాళ్ల బండికి పోయే తీగ ఎవరో తెంచేశారట. అక్కణ్ణుంచి పదకొండు నిమిషాలు దేశంలో ఎవరికీ ఏమీ వినబడలేదు. అతికించేసరికి అందరూ జాతీయగీతం పాడుతున్నారు.

ఇక్కడ జరిగింది ఆవిడ నాతో ఆసుపత్రిలో ముక్కలు ముక్కలుగా చెప్పింది. కలం పేరు విన్నది. బూర విన్నది. "ఇప్పుడు లేచి ఉంటాడు" అనుకున్నది. ఆ తర్వాత నిశ్శబ్దం. బ్యాటరీ అయిపోయిందనుకుంది. ఇంకా నా పేరు చదవలేదు, గబగబా మార్చుకుంటే అందుతుందనుకుంది. పాలగదిలో రెండోది ఉందని ఆవిడకు తెలుసు. రెండేళ్లుగా దిగని మెట్లు దిగింది. దిగేటప్పుడు ఏమీ కాలేదట. ఆ మాట రెండుసార్లు చెప్పింది, కొంచెం గర్వంగా. బ్యాటరీ ఎత్తుకుని పైకి ఎక్కేటప్పుడు, ఐదో మెట్టు మీద.

నేను వచ్చేసరికి ఏడు దాటింది. తుంటి విరిగింది. చేతి మీద యాసిడ్ పడింది. నన్ను చూసి అడిగిన మొదటి మాట: "చదివారా?"

తీగ ఎవరు తెంచారని నేను నిన్ను అడగను. పోలీసులు అడుగుతారేమో. నేను అడగను.

ఎమ్లిన్


పోర్త్ గ్లాస్,
ఆగస్టు 15

మావయ్యా,

నేనే.

నువ్వు అడగనన్నావు గానీ చెప్పకుండా ఉండలేను. నేనే తెంచాను. నా కటింగ్ ప్లయర్, నా చెయ్యి. డేరా వెనక రేడియో బండి చక్రాల పక్కన గడ్డిలో పడుకుని ఉన్నాను. అసలు అనుకున్నది వేరు. కత్తి లేచి, శాంతి ఉందా అని అడిగే మాట బయటికి పోకుండా తెంచాలని. అలాగే చేసి ఉంటే నీ పేరూ, ఇంటి పేరూ, లోయ పేరూ అప్పటికే వెళ్లిపోయి ఉండేవి. అత్తయ్య వినేది. కానీ నువ్వు చెప్పేశావని అనుకున్నాను. వాళ్లు కత్తి వేళకు కాపు కాస్తారనుకున్నాను. అందుకే బూరకు ముందుకు జరిపాను. నేనే జరిపాను, గెథిన్ కాదు. నీ మీద అనుమానమే ఆ తీగ తెంచింది.

గెథిన్ గురించి కూడా విను. పోలీసులకు ఎలా తెలిసిందో నిన్న బయటపడింది. జూన్ నెలాఖరున వాడే పబ్బులో రెండు గ్లాసులు ఎక్కువై, గురువారం చూడండి రేడియో మూగబోతుంది అని బల్ల మీద గుద్ది చెప్పాడట. చెప్పినట్టు వాడికి గుర్తు కూడా లేదు.

లౌడ్‌స్పీకర్లో "కాయ్ దిమ్" అని విన్నాను మావయ్యా. తెంచకముందు విన్నాను. ఒక్క క్షణం మన రాళ్ల మడి కళ్లముందు కదిలింది. వెంటనే, ప్రతి లోయలోనూ ఒక ఏమీలేని మడి ఉంటుందిలే అనుకున్నాను. బూర మోగింది. నొక్కాను. ఆ తర్వాత నీ పేరు చదివారు. మన ఇంటి పేరు చదివారు. ప్లయర్ చేతిలో ఉంది, తెగిన కొస గడ్డిలో ఉంది, నేను వింటున్నాను. లోపలికి రాబోయాను. కాళ్లు బయటికే పరిగెత్తాయి.

మావాళ్లు దీన్ని గెలుపు అంటున్నారు. అప్పుడే కరపత్రం అచ్చయింది. "పదకొండు నిమిషాల మౌనం" అని పెద్ద అక్షరాలు. పేరు లేకుండా నన్ను వీరుడన్నారు. నాలుగు పేజీలు. చదివాను. అందులో అత్తయ్య లేదు.

నేను పోలీసు స్టేషనుకు వెళ్లి ఒప్పుకుంటాను. దానికంటే ముందు ఆసుపత్రికి వచ్చి అత్తయ్య కాళ్లు పట్టుకుని నిజం చెప్తాను. నిజం చెప్పకుండా బతకడం నాకు రాదు. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. రావద్దంటే కూడా రాయి.

ఇద్వల్


అబెర్‌కోయెడ్, ఆసుపత్రి ఎదుటి బస,
ఆగస్టు 27

ఇద్వల్,

పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను. కోపం వల్లే. అది తగ్గాక రాద్దామనుకున్నాను, తగ్గలేదు. ఉన్నదానితోనే రాస్తున్నాను.

శుక్రవారం సంతకం పెట్టాను. హవోద్ వెన్ ఇచ్చేశాను. తొందరపడి అలిగి చేసింది కాదు. మీ అత్తయ్య ఇక మెట్లున్న ఇంట్లో ఉండలేదని డాక్టరు తేల్చేశాడు. ఆసుపత్రికి దగ్గరగా, కింది అంతస్తులో, రోజూ నర్సు వచ్చే చోటు కావాలి. కొండ మీద నేనూ ఇక్కడ ఆవిడా ఎన్నాళ్లు? మిగిలిన రెండు ఇళ్లవాళ్లూ నేను పెట్టానని తెలిసి మర్నాడే పెట్టేశారు. నువ్వు జూలైలో రాశావు కదా, ఒక్కొక్కరికీ ఒక్కొక్క మంచి కారణం అని. నిజమే. నా కారణం ఇది. ఇంజినీరు కుర్రాడు కాగితం మడుస్తూ, మీ పద్యం పేపర్లో చూశాను, భాష రాదు గానీ అన్నాడు.

గొర్రెలను అమ్మేశాను. కుక్కను నెస్టా తీసుకుంది. కుర్చీ మేం చూసిన ఇంటి గుమ్మంలో పట్టదు. చాపెల్‌లో పెట్టారు. చాపెల్ కూడా మునిగేదే కాబట్టి క్రిస్మస్ లోపల మళ్లీ మోయాలి.

ఇప్పుడు అత్తయ్య సంగతి జాగ్రత్తగా విను.

ఆవిడకు తీగ సంగతి తెలీదు. "చదివారా?" అని అడిగితే చదివారన్నాను. "నాకు మాత్రం బ్యాటరీ అయిపోయింది చూడు" అంది. అవునన్నాను. దేశమంతా మన ఇంటి పేరు విన్నదనీ, వినంది తానొక్కతేననీ అనుకుంటోంది. ఆ బాధ కూడా నవ్వుతూనే చెప్తుంది. "నా మొగుడి పేరు వినడానికి ముహూర్తం చూసుకుని మరీ పడ్డాను" అని నర్సులను నవ్విస్తుంది. రాత్రి మందు ఇచ్చాక మాత్రం, "బ్యాటరీ ముందే మార్చమని నీతో చెప్పాల్సింది, తప్పు నాదే" అని నాతో అంటుంది. ఆ తప్పు ఆవిడ దగ్గర నుంచి నేను తీసుకోలేను. తీసుకోవాలంటే నీది చెప్పాలి.

రోజూ నీ కోసం అడుగుతోంది. "ఇద్వల్ రేడియోలో విని ఉంటాడు. వాణ్ణి రమ్మను. మన ఇంటి పేరు రేడియోలో ఎలా వినబడిందో వాడు చెప్తాడు. వాడికి గొంతు అనుకరించడం వచ్చు" అంటుంది.

నువ్వు విన్నావు. ఎక్కడి నుంచి అన్నది ఆవిడకు అక్కర్లేదు. ఎలా చదివారో, ఇంటి పేరు దగ్గర ఎంతసేపు ఆగారో, లోయ పేరు అనగానే జనం ఎలా హోరెత్తిపోయారో, విన్నది విన్నట్టు చెప్పు. అంతవరకే చెప్పు. నీ నిజం నాకు రాశావు, నేను మోస్తాను. ఆవిడ మంచం దాకా దాన్ని తేవద్దు. నీకు బరువు దిగుతుంది, నాకు తెలుసు. అది దిగేది ఆవిడ గుండె మీదికి.

నీకు ఇది నచ్చదు. నచ్చకపోయినా చెయ్యి.

డాక్టరు ఇప్పుడు వేసవి గురించి కూడా మాట్లాడటం లేదు. వారాల్లో మాట్లాడుతున్నాడు. పక్క మంచం ఆవిడ కళ్లద్దాలు బాగుచేతకు ఇచ్చారు, శనివారం వస్తాయట. వచ్చిన దగ్గర్నుంచీ రోజూ పేపరు తెప్పించుకుని వార్డంతా వినేలా చదువుతుందని నర్సు ముందే నవ్వుతూ చెప్పింది. తీగ తెంచినవాళ్ల కోసం వెతుకుతున్న వార్త ఇంకా రెండు రోజులకోసారి పడుతూనే ఉంది. నువ్వు వెళ్లి ఒప్పుకుంటే నీ పేరు పడుతుంది, పక్క మంచం ఆవిడ గట్టిగా చదువుతుంది. ఒప్పుకోకపోతే అది నీలోనే ఉండిపోతుంది, నువ్వు అలా బతకలేవు. రెండింట్లో ఏది చెయ్యాలని నన్ను అడగకు. నాకు తెలిస్తే జూలైలోనే తెలిసి ఉండేది.

ఆదివారం అని ముందు అనుకున్నాను. వద్దు, ఆ కళ్లద్దాలు రాకముందే, శుక్రవారం రా. రెండింటి నుంచి మూడింటి దాకా లోపలికి పంపిస్తారు. మెట్ల పక్క వార్డు, కిటికీ దగ్గర మూడో మంచం. మొహం కడుక్కుని రా. ఏడ్చిన కళ్లను ఆవిడ వెంటనే పట్టేస్తుంది.

పోలీసు స్టేషనుకు శనివారం వెళ్లొచ్చు.

మీ మావయ్య